తోడుచెయ్యి

కొర్ర వారం, సోమవారం

పరీక్షగదిలో పనిచేసేవాళ్లు రోజుకు రెండు ముక్కలైనా రాసిపెట్టాలని మా గుహ నియమం. రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. సుంకులమ్మ నోరు తెరిస్తే మూసేవాళ్లు వేరే ఊరినుంచి రావాలంటాడు మా ఆయన మద్దిలేటి. ఆయన నిన్ననే విత్తనం వేసే ముఠాతో గుహలోంచి పైకి, మళ్లలోకి పోయాడు. కాబట్టి ఈ మూడు వారాలూ నాకు అడ్డం లేదు.

ఇవాళ చలవగదిలోంచి కొర్రలు తీశారు. ఏ వారం ఏ గింజ తీస్తే ఆ వారానికి ఆ పేరే. పొద్దున్నే అందరం పళ్లేలు పట్టుకుని వరసలో కూర్చున్నాం. గింజ పగిలిందా, పురుగు పట్టిందా అని వేలితో కదిపి చూసి మళ్లీ లోపలికి పంపాలి. పని అయ్యేసరికి వేళ్లు కొయ్యలయ్యాయి. గింజలు బతకాలంటే గుహంతా ఇంత చల్లగా ఉండాలట. మనుషులకు ఎంత చలి పనికొస్తుందో అడిగిన పెద్దమనిషి ఇంతవరకూ లేడు.

ఆ తర్వాత నా అసలు పని. పరగడుపున వచ్చినవాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ జబ్బకు పట్టీ చుట్టి, రెండు చేతుల చూపుడువేళ్లకూ చిన్న టోపీలు తొడుగుతాను. మీట తొక్కితే పట్టీ బిగిసి చేతిలోకి రక్తం పోవడం ఆగుతుంది. చెయ్యి పాలిపోయి తిమ్మిరెక్కుతుంది. కాసేపటికి వదులు చేస్తే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. నాళం ఆరోగ్యంగా ఉంటే వెడల్పై దారి ఇస్తుంది. లోపల అరిగిపోయి ఉంటే బిగుసుకునే ఉంటుంది. సూదీ లేదు, చుక్క రక్తం తీసేదీ లేదు. వేలికొసన నాడి ఎంత లేచిందో చూసి యంత్రం ఒక అంకె చెబుతుంది. రెండు దాటితే పైకి పోవచ్చు, దాటకపోతే కిందే. పైన ఎండలో ఎవరి గుండె తట్టుకుంటుందో, ఎవరిది ఆగుతుందో ముందుగా చెప్పడానికి మాకున్నది ఆ అంకె ఒక్కటే.

కుడిచేతికి పట్టీ ఉండదు. చలికో భయానికో ఒళ్లంతా మారితే ఆ మార్పును తీసేసి లెక్క కట్టడానికి యంత్రం పట్టీ వదలకముందూ, వదిలాకా ఆ చేతి నాడిని కూడా చూసుకుంటుంది. మా గుహలో ఆ చెయ్యి ఖాళీగా ఉండదు. పట్టీ బిగించి ఉన్నంతసేపూ సొంతమనిషి ఒకరు పక్కన కూర్చుని దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుంటారు. నేను పట్టీ వదలగానే వాళ్లూ వదిలేస్తారు. దీన్ని తోడుచెయ్యి అంటాం. నాకు పని నేర్పిన ఓబులమ్మవ్వకు ఆమె ముందువాళ్లు నేర్పారు. తోడున్న నాళం తెరుచుకుంటుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

పెళ్లిచూపులు సైతం నా బల్ల దగ్గరే. ఇవాళ ఒక జంట వచ్చింది. ఆ అబ్బాయికి ఒంటరిగా 1.6 వచ్చింది, అమ్మాయి పట్టుకుంటే 2.3. అమ్మాయి తల్లి అక్కడికక్కడే బెల్లం పంచిపెట్టింది. ఆ పిల్లకు సిగ్గు కంటే గర్వమే ఎక్కువగా కనిపించింది.

గర్వం సంగతి నేను మాట్లాడకూడదులే. మా ఆయన అంకె 2.9. గుహలో అంతకన్నా పెద్ద అంకె లేదు. మీట తొక్కేదీ నేనే, ఆయన చెయ్యి పట్టేదీ నేనే. కొత్తగా పెళ్లయినవాళ్లను మా ఇంటికి ఒక పూట భోజనానికి పంపుతారు, మా గాలి సోకితే మంచిదని. ముప్పై ఏళ్లలో ఎన్ని జంటలకు సంగటి గెలికానో నాకే తెలియదు.

చివర్లో దస్తగిరి వచ్చాడు. పళ్లేలు కడిగే మనిషి, నలభై దాటాయి, నా అనేవాళ్లు ఎవరూ లేరు. ప్రతిసారీ ఒంటరిగా పడుకుంటాడు, ప్రతిసారీ 1.8 దగ్గరే ఆగిపోతాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆకాశం చూడలేదు. ఇవాళ జావ తాగి వచ్చానన్నాడు. పరగడుపున రమ్మని ఎన్నిసార్లు చెప్పాలని తిట్టి పంపించాను.

కొర్ర వారం, గురువారం

మౌలాలి పోయాడు.

మా ఆయన ముఠాలో మనిషి. పైన తెల్లవారుజామున విత్తే గొర్రు పట్టుకుని నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోయాడట. పైన వేడికి తొడుక్కునే చలవకోటు విప్పేలోపే అయిపోయింది. తొట్టిలో పడుకోబెట్టి కిందికి దించారు. ఆ తొట్టి గొలుసు చప్పుడు గుహంతా వినిపిస్తుంది. పని రోజున మధ్యాహ్నం తొట్టి దిగుతోందంటే ఎందుకో అందరికీ తెలుసు. పళ్లేలు కింద పెట్టి లేచి నిలబడ్డాం.

అతని భార్య కాశింబీ నాకు చెల్లెలి వరస. వరస ఏముంది, ఒకే గోడకు అటూ ఇటూ కాపురాలు, ఒకరి పొయ్యిలో నిప్పే ఇంకొకరికి. ఆమె ఏడవలేదు. మొగుడి ముఖం మీద మట్టి తుడిచి, నన్ను చూసి అడిగింది.

"ఆయప్పకు రెండు పాయింటు ఆరు గదా వచ్చింది, సుంకులక్కా?"

"అవును కాశీ."

"రెండు పాయింటు ఆరు వచ్చినోడు ఎట్ల పోతాడు?"

పోయిన ఏడు కూడా మంచి అంకెలున్న ఇద్దరు ఇట్లాగే పోయారు. అప్పుడు ఎండ అన్నారు. ఈసారి తెల్లవారుజాము, ఎండ ఇంకా రాలేదు. నేను తల దించుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నేను సరిగ్గా పట్టుకోలేదేమో అక్కా. ఆ పొద్దు కొంచెం కోపంగా ఉండ్య. నా చెయ్యి మనసుతో పెట్టలేదేమో."

లేదు కాశీ, అట్లాంటిదేం లేదన్నాను. ఆమె నమ్మలేదు. మిగతా ముఠా ఖననానికి కూడా దిగలేదు. విత్తనం వేసే రోజులు ఆగితే పోయేది గింజ. అరికలు చలవగదిలో ఎన్నేళ్లున్నా ఒకనాటికి మొలకశక్తి చచ్చిపోతుంది. అంతకుముందే పైన చల్లి కొత్త గింజ తీసుకోవాలి. ఈ ఏడు అరికలకు ఆఖరి గడువు. మౌలాలి వదిలిన గొర్రు మా ఆయన పట్టుకున్నాడట.

సజ్జ వారం, మంగళవారం

ఊరి నోరు ఊరుకోదు. కాశింబీ చెయ్యి అబద్ధం చెయ్యి అంటున్నారు. నీళ్ల వంతు దగ్గర ఆమె తోడికోడలే అంది, మొగుణ్ని ప్రేమించినది పట్టుకుంటే నాళం అట్లా మూసుకుంటుందా అని. అంకె మంచిదే కదా వచ్చింది అని ఒకామె అడ్డం వచ్చింది. అంకె రావడానికి పట్టుకుంది, మనిషి ఉండడానికి పట్టుకోలేదు అంది తోడికోడలు. నేను కడవ అక్కడే దించి ఆమెను నాలుగు మాటలు అన్నాను. దానివల్ల కాశింబీకి ఒరిగిందేమీ లేదు. ఆమె ఇప్పుడు వంతుకు అందరూ పోయాక వస్తోంది.

ఇవాళ దస్తగిరి పరగడుపునే వచ్చాడు. కుడిచేతిలో చెంబు ఉంది, చెంబులో వేడినీళ్లు.

"అదెందుకురా?"

"చెయ్యి కొంకర్లు పోతాందమ్మా. అందరికీ ఎవురో ఒకరు ఉండారు. నాకు ఈ చెంబు ఉండాది. పట్టుకోనీ."

నవ్వొచ్చింది. సరే పట్టుకో, పట్టీ వదిలినప్పుడు నువ్వూ వదిలేయి, మర్యాద పాటించు అన్నాను. అతను పెళ్లికొడుకులా చెంబును చేతిలో పొదువుకుని పడుకున్నాడు. మీట తొక్కాను. సమయం అయ్యాక వదిలాను. అతనూ చెంబు పక్కన పెట్టి, ఖాళీ చెయ్యి చలిలో బల్ల మీద వేశాడు.

అంకె 2.5.

ఇద్దరం చాలాసేపు ఆ అంకె చూశాం. "చెంబుకు నేనంటే ఇష్టమున్నట్టుంది గదమ్మా" అన్నాడు దస్తగిరి. నేను నవ్వలేకపోయాను. కాసేపు లేచి తిరిగి రమ్మని, అతని చేతులు మామూలయ్యాక మళ్లీ పడుకోబెట్టాను, ఈసారి చెంబు లేకుండా. 1.8.

ప్రేమతో నాళం తెరుచుకుంటే, రాగిచెంబుకు ప్రేమ ఎక్కడిది?

ఆ తర్వాత నా చేతికే పట్టీ కట్టుకుని చూశాను. చెంబుతో ఒకసారి, ఉత్త చేత్తో ఒకసారి. అప్పుడు అర్థమైంది. పట్టి ఉంచిన కుడిచెయ్యి వేడిగా ఉంటుంది, నాడి బాగా లేస్తుంది. వదిలేయగానే ఈ గది చలికి ముడుచుకుంటుంది, నాడి పడిపోతుంది. యంత్రం పిచ్చిది. ఒళ్లంతా ముడుచుకుపోతున్నా ఎడమచెయ్యి ఇంత తెరుచుకుంది అనుకుని అంకె పెంచి చెబుతుంది. తక్కెడలో తూకంరాయిని ఎవరో చెక్కేస్తే వంకాయలు బరువు తూగినట్టు. ఎంత గట్టిగా, ఎంత వెచ్చగా పట్టుకుంటే, వదిలినప్పుడు అంత అబద్ధం.

కాశింబీ చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. రొట్టెలు కాల్చే చేతులు. నా చేతులు అంతకన్నా వెచ్చన అంటాడు మా ఆయన.

ఆయన పైన ఉన్నాడు. ఆయన అసలు అంకె ఎంతో నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఒక్కసారి కూడా ఆయన చెయ్యి పట్టకుండా చూడలేదు.

సజ్జ వారం, బుధవారం

పొద్దుగూకాక పైనుంచి ఫోను మోగే వేళకు తొట్టిగదికి పోయాను. పైవాళ్లు ఆ వేళకు పని ముగించి ఇంటివాళ్లతో వంతులవారీగా మాట్లాడతారు.

"ఏమ్మే, తిన్నావా?" అన్నాడు మా ఆయన. గొంతు వింటే నిన్న మాట్లాడినట్టే ఉంది, హుషారుగా.

"తిన్నా. నువ్వు కిందికి రా మామా."

"ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలా. నీ అంకె తప్పు."

"తప్పా? మూడు ఉండాల్నా?" అని నవ్వాడు.

దస్తగిరి చెంబు సంగతి చెప్పాను. ఏమీ దాచలేదు. ఫోను తెగిపోయిందేమోనని రెండుసార్లు పిలిచాను.

"ఉండా. ఇంటాండా" అన్నాడు. "నువ్వు పట్టుకోకుంటే నాదెంత?"

"తెలీదు. సూడాల."

"తెలీకుండానే రమ్మంటాండావా?"

"మౌలాలికి తెలిసిందా?"

ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఏండ్ల పొద్దు మన గురించి ఊరంతా చెప్పుకునిందంతా ఆ గది చలి గురించా, సుంకీ?"

కాదని చెప్పాలనిపించింది. కాదు అని చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. అంకెలతోనే బతికినవాళ్లం, అంకె లేని మాట ఎట్లా చెప్పాలో ఇద్దరికీ తెలియదు.

"అరికల మడి ఇంగా సగం ఉండాది" అన్నాడు. "ఇప్పుడు దిగితే నన్ను మళ్ల పైకి పంపుతారా?"

"పంపరు."

"అయితే నాలుగు తెల్లార్లు ఈయి నాకు. ఇత్తనం అయిపోనీ. నా అంతట నేనే తొట్టెక్కి దిగొస్తా. అంతదాంక ఎవురికీ చెప్పాకు. కాశింబీకి అసలే చెప్పాకు. చచ్చినోడు ఎట్లా రాడు. ఆయమ్మ గుండెలో ఇంగో రాయి ఎందుకేస్తావు?"

నాలుగు తెల్లవారుజాములు. ఆయన అడిగినది కొండంత కాదు. పైన పుట్టిన మనిషి. పదేళ్లప్పుడు, పైన మిగిలిన ఆఖరి ఊళ్లు కూడా ఖాళీ అయినప్పుడు వాళ్ల నాయన ఎత్తుకుని కిందికి తెచ్చాడు. ఆకాశమంటే ఆయనకు ఇల్లు. నాకైతే రెండుసార్లు చూసినా మెడ నొప్పే మిగిలింది. ఆలోచిస్తానన్నాను. నేను ఆలోచిస్తానంటే సరేనన్నట్టు లెక్క అని ఆయన అనుకుంటాడు. అట్లాగే అనుకున్నాడు.

సజ్జ వారం, గురువారం

నిద్ర లేవగానే గోడ అవతలికి పోయాను. పెద్దమ్మ లింగేశ్వరమ్మకు చెబితే కూటం పిలుస్తుంది, కూటంలో నలుగురి మధ్య ఆ మాట మొదటిసారి కాశింబీ చెవిన పడకూడదు. మా గుహకు లింగేశ్వరమ్మే పెద్ద. ఆమె మాట కటువు, మనసు చెడ్డది కాదు.

కాశింబీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నేను పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, చెంబు దగ్గర్నుంచీ. ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"నేను పట్టుకోకపోయింటే ఆయప్ప పైకి పోయుండడు" అంది.

"పోయుండడు కాశీ."

"రెండు రాదు."

"వచ్చుండదు."

ఆమె తన రెండు అరచేతులూ చూసుకుంది. వాటిని తిడుతుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా పడదామనే పోయాను.

"అయితే నేను బాగానే పట్టుకున్నా గదా అక్కా" అంది.

"శానా బాగా పట్టుకున్నావు కాశీ."

అప్పుడు ఏడ్చింది. తొట్టి దిగిన రోజు ఏడవనిదంతా, మట్టి వేసిన రోజు ఏడవనిదంతా. నేనూ ఏడ్చాను. నేను ఎవరికోసం ఏడ్చానో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కొంగుతో ముఖం తుడుచుకుని ముందు ఆమే లేచింది.

"పద. చెప్పుదువుగాని. నీ మనిషి ఇంగా పైన్నే ఉండాడు గదా."

కూటంలో నేను చెప్పింది ఎవరికీ నచ్చలేదు. ఒకాయన, నా కొడుకు రేపట్నుంచి ఆ బల్ల మీద దిక్కులేనివాడిలా పడుకోవాల్నా అని లేచాడు. పెళ్లి కుదిరిన పిల్ల తల్లి, మా బెల్లం తిన్నప్పుడు తెలీలేదా అంది. చెంబు పట్టుకున్నా అంతే వస్తుందంటే మా కాపురాలూ చెంబులూ ఒకటేనా అని ఒకామె ఏడుస్తూ అడిగింది. ఆ మాటకు నాకు కోపం రాలేదు. నా మొగుడు అడిగిందీ అదే కదా.

కాశింబీ లేచి నిలబడింది. "నా చెయ్యి అబద్ధమన్నారు మీరు. నా చెయ్యి నిజమే. అంకె అబద్ధం. పైనోళ్లను దించండి" అని కూర్చుంది. అంతకన్నా ఆమె ఏమీ చెప్పలేదు. ఆమె తోడికోడలు నేల చూస్తూ ఉండిపోయింది.

లింగేశ్వరమ్మ అరికలు ఏమవుతాయని అడిగింది. చల్లినంతవరకే మనవి, మిగిలినవి పోతాయని విత్తనాలవాళ్లు చెప్పారు. అయినా ఆమె తొట్టి పంపమంది.

నేను ఫోను దగ్గరికి పోలేదు. వేరేవాళ్లు చెప్పారు ఆయనకు.

అలసంద వారం, శనివారం

అందరూ దిగారు. మా ఆయన ఆఖరి తొట్టిలో దిగాడు. ముఖం ఎండకు నల్లబడింది, గడ్డంలో ఎర్రమట్టి. నేను ఎదురు పోతే పక్కనుంచి నడిచి స్నానాల గదికి పోయాడు.

ఈ వారమంతా మళ్లీ పరీక్షలే. పసిపిల్లల గదిలోని కుంపట్లు తెచ్చి పరీక్షగదిని వెచ్చబెట్టాం. లోపల ఒక్కరే పడుకోవాలి, చేతులు ఎవరూ తాకకూడదు. పట్టుకోకూడదని తలుపు పక్క గోడ మీద రంగుతో రాయించాను. బయట కూర్చున్న ఇంటివాళ్లు చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకుని కూర్చుంటున్నారు.

రెండు దాటాలన్న గీత ఎట్లా వచ్చిందో కూడా బయటపడింది. యంత్రం చేసినవాళ్లు పెట్టిన గీత 1.7 అట. ఓబులమ్మవ్వ కాలం కంటే ముందు, అందరూ సులువుగా దాటుతున్నారు కదా అని మా పెద్దలే పైకి జరిపారు. తోడుచేతుల అంకెలు చూసి జరిపారన్నమాట. లింగేశ్వరమ్మ దాన్ని తిరిగి 1.7కు దించింది. దస్తగిరి పుట్టినప్పట్నుంచీ పైకి పోవడానికి తగినవాడే. ఎవరూ చెయ్యి పట్టనందుకు కింద ఉండిపోయాడు. అతనిలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, భార్య పోయినవాళ్లు, పెళ్లి కానివాళ్లు, ఇంట్లో మాటల్లేనివాళ్లు. వాళ్లందరినీ పిలిపించి చూస్తే సగం మంది గీత దాటారు. పైనుంచి దిగిన ముఠాలో మాత్రం దాటినవాళ్లు తక్కువ.

మా ఆయన వంతు నిన్న. పట్టీ కట్టేటప్పుడు నా ముఖం చూడలేదు. పడుకుని, అలవాటు చొప్పున కుడిచెయ్యి వెల్లకిలా తెరిచి నా వైపు పెట్టాడు. పెట్టినట్టు ఆయనకే తెలియదు. నేను నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పట్టీ బిగించి ఉన్నంతసేపూ ఆ చెయ్యి అట్లాగే ఉంది. నా ఉద్యోగంలో అంత పొడుగు పరీక్ష ఇంకోటి చేయలేదు.

1.3.

ఆయన కొయ్యలా లేచి కూర్చుని చొక్కా సర్దుకున్నాడు. "ఎంత?" అనలేదు. నా ముఖంలోనే చదువుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, నాలుగు తెల్లార్లు అడిగితే ఇయ్యలేకపోయినావు అన్నాడు. తప్పు చేశావని అనలేదు. అంటే నేను పోట్లాడి ఉండేదాన్ని.

మళ్లీ అడిగినా మళ్లీ ఇవ్వను. ఇది ఇక్కడ రాస్తున్నాను, ఆయనకు చెప్పే రోజు వస్తే మాట మారకుండా ఉండడానికి.

ఉలవ వారం, ఆదివారం

మిగిలిన అరికలు చచ్చిపోయాయి. విత్తనాలవాళ్లు పది గింజలు తడిపి చూశారు, ఒక్కటీ మొలవలేదు. పైన చల్లినవి మాత్రం పచ్చబడ్డాయని దస్తగిరి చెప్పాడు. అతను కొత్త ముఠాతో పోయిన నెలలోనే పైకి పోయాడు. పోయేటప్పుడు తొట్టిలో నిలబడి ఒక చేత్తో గొలుసు పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లు మూసుకుని ఉన్నాడు. భయమా అంటే, ఒక్కసారే తెరుస్తానమ్మా, కొంచెం కొంచెంగా వద్దు అన్నాడు.

అతను వదిలిన పని మా ఆయనకు వచ్చింది. పళ్లేలు కడుగుతున్నాడు. అడిగినవాళ్లకు జవాబు చెబుతాడు, ఇంట్లో వేళకు తింటాడు. నాతో అవసరమైన మాటే. ఉప్పు, నీళ్లు, దుప్పటి. కొత్తజంటలను మా ఇంటికి పంపడం మానేశారు. అది ఆయన గమనించాడు. ఒకరోజు ఇద్దరికే సరిపడా సంగటి చేస్తుంటే చూసి బయటికి పోయాడు.

కాశింబీ తన పొయ్యి మళ్లీ వెలిగించింది. పరీక్ష అయిపోయినవాళ్లను తలుపు బయట కూర్చోబెట్టి వేడి రొట్టె పెడుతోంది. నాతో అంటుంది, పోట్లాడటానికైనా నీకొక మనిషి ఉండాడు, ఊరికే ముఖం వేలాడేయాకు అని. ఆమె అన్నది నిజమే. ఆమె అన్నాక నాకు సిగ్గేసింది. అయినా బాధ పోలేదు.

ఇవాళ చీకటి పడ్డాక తొట్టిగదిలో ఫోను మోగింది. పళ్లేలు కడిగే తావు ఆ పక్కనే. ఫోను నేనే తీశాను, దస్తగిరి. ఉలవలు ఎంత లోతు వెయ్యాలమ్మా, ఇక్కడ ఎవురూ సరిగ్గా చెప్పడం లేదు అన్నాడు. నాకేం తెలుసు. పక్కనే ఉన్న మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను తీసుకున్నాడు.

"రెండు వేళ్ల లోతు చాలప్పా. ఎక్కువ పోతే మొలక బయటికి రాలేదు. మడి ఆ చివర గట్టిగుంటాది, గొర్రు కొంచెం నొక్కిపట్టు." తర్వాత గొంతు మారింది. "పిల్లలకోడి చూసినావా? ఈ యాళకు తూర్పున గుంపుగా ఉంటాయి చుక్కలు. అవి కాదు... అట్ల కాదు. గుట్ట మీద మూడు రాళ్లు లేవా, ఆటికి పైన. చూసినావా? ఎన్ని కనిపిస్తాండాయి? ఏడేనా? నాకు ఆరే కనిపిస్తాండె."

నవ్వాడు. తొట్టి దిగిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు నాకు కాదు, దస్తగిరికి కూడా కాదు. నేను గోడకానుకుని విన్నాను. ఫోను పెట్టే లోపల ఆయన రెండుసార్లు అడిగాడు, ఇంగేం కనిపిస్తాండాది, ఇంగేం కనిపిస్తాండాది అని.

అయ్యాక ఫోను నాకు అందించాడు. అందుకునేటప్పుడు ఆయన వేళ్లు నా వేళ్లకు తగిలాయి. కడిగి కడిగి మంచులా ఉన్నాయి. పరీక్షగదిలో చెయ్యి పట్టుకోకూడదని గోడ మీద రాయించింది నేనే. ఇంట్లో పట్టుకోకూడదని ఎవరూ రాయలేదు. అయినా పట్టుకోవడానికి నాకు ధైర్యం రాలేదు. పట్టుకుంటే ఆయన దాన్ని ప్రేమ అనుకుంటాడో, వెచ్చదనం అనుకుంటాడో, ఇప్పుడు నాకే తెలియదు.

రోజూ పొద్దున ఆయన కంటే ముందు లేస్తాను. ఆయన మీది దుప్పటి లేచి పడుతోందా లేదా అని నిలబడి చూస్తాను. లేచి పడుతోంది. ఇది చాలు అనుకుని పనికి పోతాను. చాలడం లేదు.